అబిడ్స్ చెత్త లెక్క: చీపురుకు ఎన్ని మీటర్లు, మ్యాన్‌హోల్‌కు ఎంతసేపు?

ఆదివారం అబిడ్స్‌కు వెళ్లేవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. షాపుల షటర్లు దిగి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకుని ఉంటాయి. మాలో చాలామంది అంబేడ్కర్ రచనలను మొదటిసారి సొంత డబ్బుతో కొనుక్కున్నది ఆ ఫుట్‌పాత్ మీదే. పోటీ పరీక్షల గైడ్లు, ఇంజనీరింగ్ పుస్తకాలు, చిరిగిన అట్టల నవలలు, వాటి మధ్య చాయ్ బండ్లు, చాట్ బండ్లు. చీకటి పడ్డాక అమ్మేవాళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోతారు. అట్టముక్కలు, పేపరు కప్పులు, పాలిథిన్ కవర్లు రోడ్డు మీద మిగిలిపోతాయి. సోమవారం ఆఫీసు వేళకు ఆ రోడ్డు మళ్లీ మామూలుగా ఉంటుంది.

ఈ మధ్యలో ఎవరో ఊడ్చారు. ఎవరు ఊడ్చారో మనకు తెలుసు. రేడియం జాకెట్ వేసుకుని, ముఖానికి కొంగు చుట్టుకుని, వీధి దీపాల వెలుగులో చీపురు పట్టే అక్కలు. వాళ్లలో అత్యధికులు దళిత మహిళలు. దీని మీద మన ఉద్యమాలు ఎంతో రాశాయి, ఎంతో మాట్లాడాయి. మేము ఈ వ్యాసంలో అడగదలుచుకున్నది ఇంకొంచెం పొడి ప్రశ్న. ఆ రోడ్డుకు అంతమందే చాలని ఎవరు తేల్చారు? ఏ లెక్క ప్రకారం తేల్చారు?

మేము ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేస్తున్నవాళ్లం. ఉన్న మనుషుల్ని, యంత్రాల్ని, సమయాన్ని ఏ పనికి ఎంత కేటాయించాలో అంకెలతో నిర్ణయించే శాస్త్రం అది. బస్సు ఎన్ని నిమిషాలకొకటి నడపాలి, ఆసుపత్రిలో ఎన్ని పడకలుండాలి, గిడ్డంగిలో ఎంత సరుకు ఉంచాలి లాంటివన్నీ దాని కిందికే వస్తాయి. చెత్త కూడా వస్తుంది. తరగతి గదిలో ఈ లెక్కలు కులం లేని లెక్కల్లా కనిపిస్తాయి. అబిడ్స్, నాంపల్లి రోడ్ల మీద పెట్టి చూస్తే అలా కనిపించవు.

మీటర్ల లెక్క

ఒక స్వీపర్ రోజుకు ఎంత రోడ్డు ఊడవాలి? దీనికి మన దేశంలో ఒక ప్రామాణికం ఉంది. నగరాల చెత్త నిర్వహణ మీద దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998లో ఒక కమిటీని వేసింది. బర్మన్ కమిటీగా పిలిచే ఆ కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది. చదరపు కిలోమీటరుకు 50 వేలకు పైగా జనం ఉన్న చోట ఒక్కో స్వీపర్‌కు 250 నుంచి 350 మీటర్లు, 10 వేల నుంచి 50 వేల మధ్య ఉంటే 400 నుంచి 600 మీటర్లు, 10 వేల లోపు ఉంటే 650 నుంచి 750 మీటర్లు అని సూచించింది. ఆ తర్వాత చాలా మున్సిపాలిటీలు సిబ్బంది సంఖ్య గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెలనే ముందు పెడతాయి.

చూడటానికి న్యాయంగానే ఉంది. జనం ఎక్కువుంటే చెత్త ఎక్కువ, కాబట్టి ఊడ్చే దూరం తక్కువ. కానీ ఇక్కడ జనసాంద్రత అంటే ఎవరి సాంద్రత? జనాభా లెక్కలు మనిషిని ఇంటి దగ్గర లెక్కపెడతాయి. అంటే ఆ వార్డులో రాత్రి పడుకునేవాళ్ల సంఖ్య అది. అబిడ్స్ రాత్రి పడుకునేవాళ్ల ఊరు కాదు, పగలు వచ్చిపోయేవాళ్ల ఊరు. నాంపల్లి రైల్వే స్టేషన్‌లో దిగేవాళ్లు, నాంపల్లి కోర్టులకు వాయిదాల కోసం వచ్చేవాళ్లు, యూసుఫైన్ దర్గాకు వచ్చేవాళ్లు, జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ రిపేరుకు వచ్చేవాళ్లు, మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినడానికి వచ్చేవాళ్లు, వీళ్లెవరూ ఆ వార్డు జనాభాలో లేరు. వాళ్లు పారేసే కప్పు మాత్రం ఆ వార్డు రోడ్డు మీదే పడుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అర్థం కావడం కోసం మేము అనుకున్న దూరమే ఇది, ఏ రికార్డులోదీ కాదు. ఏడు కిలోమీటర్ల రోడ్డు ఉందనుకోండి. దాన్ని రద్దీ ప్రాంతంగా తీసుకుని మనిషికి 350 మీటర్లు వేస్తే 20 మంది కావాలి. మధ్యస్త ప్రాంతంగా తీసుకుని 500 మీటర్లు వేస్తే 14 మంది. పలచని ప్రాంతంగా తీసుకుని 700 మీటర్లు వేస్తే 10 మంది. రోడ్డు మారలేదు, చెత్త మారలేదు. ఫైలులో ఒక్క పదం మారింది. దాంతో మనిషి మీద బరువు రెట్టింపైంది. ఈ పదం దగ్గర ఎవరూ అరవరు, ధర్నా చేయరు. ఎందుకంటే అది నిర్ణయంలా కనిపించదు, వర్గీకరణలా కనిపిస్తుంది.

సగటు దాచేది

నాంపల్లిలో ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. మొత్తం 46 రోజులు. రాష్ట్రం నలుమూలల నుంచి జనం వస్తారు. ఏడాది మొత్తం చెత్తను 365తో భాగిస్తే వచ్చే సగటులో ఈ 46 రోజులు కరిగిపోతాయి. మిగిలిన 319 రోజుల్లో రోజుకు 10 బండ్ల చెత్త, నుమాయిష్ రోజుల్లో 20 బండ్లు వస్తాయనుకుందాం. ఏడాది సగటు 11.3 బండ్లు అవుతుంది. 12 బండ్లకు సరిపడా మనుషుల్ని పెట్టి, సగటు కంటే ఎక్కువే పెట్టామని అధికారి నిజాయితీగానే చెప్పగలడు. ఆ 46 రోజులూ మిగతా ఎనిమిది బండ్లు ఎవరి నడుము మీద పడ్డాయో సగటు చెప్పదు.

ఆదివారం పుస్తకాల బజారు కూడా అంతే. వారంలో ఏడో వంతు కాబట్టి సగటులో కనబడదు. సోమవారం తెల్లవారుజామున ఊడ్చే మనిషికి మాత్రం ఏడో వంతు కాదు, ఆ రోజు పని మొత్తం అదే. యంత్రాల విషయంలో ఇంజనీర్లు ఇలా చేయరు. కరెంటు సబ్‌స్టేషన్‌ను సగటు వాడకానికి కట్టరు, ఎండాకాలం సాయంత్రం ఉండే గరిష్ఠ వాడకానికి కడతారు. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మనిషి మాత్రం కాలిపోయినా ఫీజు ఎగరదు, చప్పుడు రాదు. అందుకే మనిషిని సగటుకు లెక్కగడతారు.

కాగితం మీద ఏడుగురు

హైదరాబాద్‌లో ఈ లెక్కలకు ఒక చరిత్ర ఉంది. 1990ల చివర్లో అప్పటి హైదరాబాద్ నగరపాలక సంస్థ ఊడ్చే పనిని యూనిట్లుగా విడగొట్టింది. ఒక్కో యూనిట్‌కు ఇంత రోడ్డు, ఇంతమంది కార్మికులు, నెలకు ఇంత రేటు అని ముందే లెక్కగట్టి, చీటీ తీసి కాంట్రాక్టర్లకు అప్పగించింది. రేటు ముందే ఖాయం కాబట్టి కాంట్రాక్టర్లు పోటీపడి కూలీ తగ్గించరని దాని వెనుక తర్కం. దేశంలో వేరే నగరాలకు దీన్ని ఆదర్శంగా చూపించారు. కానీ రేటు ఖాయమైనప్పుడు కాంట్రాక్టర్‌కు లాభం మిగిలే దారి ఒకటే, పెట్టాల్సినవాళ్లకంటే తక్కువమందిని పెట్టడం లేదా ఇవ్వాల్సిన కూలీకంటే తక్కువ ఇవ్వడం. దూరం కొలిచారు, రేటు కొలిచారు. కూలీ చేతికి చేరిందో లేదో కొలిచే కాలమ్ ఆ పట్టికలో బలహీనంగా ఉండిపోయింది.

2007లో జీహెచ్ఎంసీ ఏర్పడింది. ఇప్పుడు ఊడ్చేవాళ్లు ఏడుగురేసి గ్రూపులుగా, శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్ల కింద, ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్నారు. 2015 జూలైలో మున్సిపల్ కార్మికులు సమ్మె చేశాక వాళ్ల జీతం 8,500 నుంచి 12,500 రూపాయలకు పెరిగింది. అదే సమ్మె తర్వాత వందలాది మంది ఉద్యోగాలు కూడా పోయాయి. 2020లో నగరపాలక ఎన్నికల ముందు 14,500 నుంచి 17,500 అయింది. ఒకసారి సమ్మె వల్ల, ఇంకోసారి ఎన్నికల ముందు. జీతం పెరగడానికి ఎప్పుడూ రాజకీయ ఒత్తిడే కావాల్సి వచ్చింది. పనిభారం లెక్క చూసి పెంచామని మాకు తెలిసి ఎవరూ చెప్పలేదు.

ఏడుగురి గ్రూపు అన్న అంకెను కొంచెం నిలిపి చూడాలి. ఒకరు రాకపోతే మిగిలిన ఆరుగురి మీద బరువు దాదాపు 17 శాతం పెరుగుతుంది. ఇద్దరు రాకపోతే 40 శాతం. జ్వరం వచ్చినా, పిల్లలకు బాగాలేకపోయినా, ఊళ్లో చావైనా ఒకరిద్దరు రాకపోవడం మామూలే. సెలవుల కోసం అదనపు మనుషుల్ని లెక్కలో కలపకపోతే, ప్రతి సెలవూ పక్క మనిషి నుంచి తీసుకున్న అప్పు అవుతుంది.

ఇక్కడే హాజరు కుంభకోణాన్ని కొత్తగా చదవాలి. వేలిముద్రల హాజరు వచ్చాక, కృత్రిమ వేలిముద్రలు తయారుచేసి రానివాళ్లకు హాజరు వేయించిన కేసులు పోలీసుల దాకా వెళ్లాయి. అందులో దొరికింది ఎక్కువగా పర్యవేక్షకులు. తర్వాత ముఖం గుర్తించే హాజరు వచ్చింది. ఖజానాకు నష్టం అని పత్రికలు రాశాయి, నిజమే. కానీ కాగితం మీద ఏడుగురు, రోడ్డు మీద ఐదుగురు ఉన్న ప్రతిరోజూ ఆ ఇద్దరి పని చేసిందెవరు? ఆ ఐదుగురే. వాళ్లు దోపిడీకి గురైనవాళ్లు. పరిష్కారం పేరుతో కెమెరా ముందు రోజూ నిలబడి తమ ముఖం తామే అని నిరూపించుకోవాల్సింది కూడా వాళ్లే. నష్టం లెక్కలో మాత్రం వాళ్లు ఎక్కడా లేరు.

అరగంట విశ్రాంతి, లేని మరుగుదొడ్డి

పనిని గడియారంతో కొలవడం మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1899 ప్రాంతంలో బెత్లెహెమ్ ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే కూలీలను కొలిచాడు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసే మనిషి చేత నలభై ఏడున్నర టన్నులు మోయించవచ్చని తేల్చాడు. కూలీ 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగింతలు, కూలీ ఒకటిన్నర రెట్లు. శాస్త్రీయ నిర్వహణ అని దానికి పేరు. ఆ పని చేసే మనిషికి ఎద్దులాంటి బుద్ధి ఉంటే చాలని కూడా ఆయన రాశాడు. పనిని బట్టి మనిషి బుద్ధిని తేల్చే ఈ అలవాటు మనకు బాగా తెలిసిందే.

అయితే అదే కొలత కార్మికుల వైపు నుంచి కూడా వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో పని అధ్యయనం మీద ఒక పుస్తకం వేసింది. ఇప్పటికీ మా తరగతుల్లో ఆ పద్ధతే చెబుతారు. ఒక పనికి పట్టే సమయం కొలిచాక, దానికి సడలింపులు కలపాలి. సొంత అవసరాలకు పురుషులకు 5 శాతం, మహిళలకు 7 శాతం. అలసటకు కనీసం 4 శాతం. నిలబడి చేసే పనికి, వంగి చేసే పనికి, వేడికి, దుమ్ముకు, వెలుతురు లేనందుకు వేర్వేరుగా ఇంకొంత. ఎనిమిది గంటల పనిలో మహిళకు సొంత అవసరాలకే దాదాపు అరగంట రావాలి.

తెల్లవారుజామున అబిడ్స్‌లో ఆ అరగంటతో ఏం చేయాలి? షాపులు తెరవవు. హోటళ్లు తెరిచినా చీపురుతో లోపలికి వెళ్తే ఎలా చూస్తారో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే చాలామంది పనికి వచ్చేముందు నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్ర సమస్యలు, నెలసరి రోజుల్లో నరకం, ఇవి మహిళా కార్మికులు ఎక్కడైనా చెప్పే మాటలు. లెక్కలో 7 శాతం రాసినా, మరుగుదొడ్డి లేకపోతే అది గాల్లో రాసిన అంకె. వంగి ఊడ్చేందుకు, దుమ్ముకు, చీకటికి కలపాల్సిన శాతాలు అసలు కలిపారో లేదో అడిగినవాళ్లే లేరు. అవన్నీ కలిపితే మనిషికి 350 మీటర్లు కూడా ఎక్కువని తేలవచ్చు.

యంత్రం ఖాళీగా ఉండటం నేరమా?

రోడ్డు మీద లెక్క తప్పితే నడుము విరుగుతుంది. రోడ్డు కింద లెక్క తప్పితే ప్రాణం పోతుంది.

అబిడ్స్ నుంచి సుల్తాన్ బజార్ దాకా పాత డ్రైనేజీ, ఇరుకు గల్లీలు. పెద్ద జెట్టింగ్ లారీలు వాటిలోకి పోలేవు. యంత్రం పోలేని చోటికి మనిషిని పంపడం ఏళ్ల తరబడి సాగింది. 2016లో ఈ నగరంలో మ్యాన్‌హోల్ మరణాలు మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. ఆగస్టులో మాదాపూర్‌లో ఒక్క మ్యాన్‌హోల్ దగ్గరే నలుగురు చనిపోయారు. 2017లో హైదరాబాద్ జలమండలి, దళిత్ ఇండియన్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ (డిక్కీ)తో కలిసి ఇరుకు గల్లీల్లోకి వెళ్లగల 70 మినీ జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. వాటి యజమానులుగా దళిత యువకులను నిలబెట్టింది. 2019లో ఢిల్లీ ప్రభుత్వం ఇదే నమూనాలో 200 యంత్రాలు దించింది. చీపురు చేతిలోంచి స్టీరింగ్ చేతిలోకి వచ్చిన ఆ మార్పును తక్కువ చేయలేం.

కానీ 70 సరిపోతాయా? ఈ ప్రశ్నకు జవాబిచ్చే గణితం వందేళ్ల కిందటే ఉంది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో దానికి పునాది వేశాడు. ఫిర్యాదులు ఒక పద్ధతి లేకుండా ఎప్పుడంటే అప్పుడు వస్తాయి. ఒక్కో పనికి పట్టే సమయమూ ఒకేలా ఉండదు. అలాంటప్పుడు యంత్రం ఎంత శాతం సమయం పనిలో ఉంటే, కొత్త ఫిర్యాదు ఎంతసేపు వేచి ఉండాలో లెక్క తేలుతుంది. ఒకే యంత్రం ఉండి, ఒక్కో పనికి సగటున రెండు గంటలు పడుతుందనుకుందాం. యంత్రం 70 శాతం సమయం పనిలో ఉంటే, ఫిర్యాదు సగటున నాలుగు గంటల నలభై నిమిషాలు వేచి ఉంటుంది. 90 శాతం ఉంటే 18 గంటలు. 95 శాతం ఉంటే 38 గంటలు.

ఈ మూడు అంకెల్ని మళ్లీ చదవండి. 90 నుంచి 95కు వెళ్తే వాడకం ఐదు శాతమే పెరిగింది, నిరీక్షణ రెట్టింపు దాటింది. యంత్రాన్ని ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉంచకపోవడమే సమర్థత అని నమ్మే ఆఫీసులో, వానాకాలం ఒక సాయంత్రం ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మురుగునీళ్లు షాపులోకి వస్తున్నాయి. యంత్రం రేపు వస్తుందంటున్నారు. షాపు యజమానికి, అపార్ట్‌మెంట్ సంఘానికి రేపటిదాకా ఆగే ఓపిక లేదు. ఎవరో ఒకరు ఒక ఫోన్ నంబరు కలుపుతారు. ఒక మనిషి వస్తాడు, మూత తెరుచుకుంటుంది.

ఆ మరణానికి కారణం ప్రైవేటు కాంట్రాక్టర్ అని, బాధితుడు అమాయకంగా దిగాడని రాస్తారు. గణితం దృష్ట్యా మొదటి తప్పు అంతకుముందే, యంత్రాల సంఖ్య నిర్ణయించిన రోజే జరిగింది. ఖాళీగా నిలబడి ఉన్న యంత్రం వృథా ఖర్చు కాదు. ఒక మనిషి లోపలికి దిగకుండా ఆపుతున్నది అదే.

ధర కాదు, గీత

ఇంకో విషయం. మా శాస్త్రంలో ప్రతి నమూనాకు రెండు భాగాలుంటాయి. ఒకటి లక్ష్యం, దేన్ని తగ్గించాలి లేదా పెంచాలి అన్నది. రెండోది హద్దులు, ఏది ఎట్టి పరిస్థితిలో దాటకూడదు అన్నది. లక్ష్యంలో ఉన్నది బేరానికి వస్తుంది, హద్దులో ఉన్నది రాదు. మనిషి ప్రాణాన్ని ఈ రెంటిలో ఎక్కడ పెట్టారన్నదే అసలు ప్రశ్న.

2014 మార్చిలో సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబర్‌లో బల్‌రాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. అది కుటుంబాల హక్కు, సందేహం లేదు. కానీ ఖర్చు తగ్గించడమే లక్ష్యమైన ఆఫీసులో ఇదే అంకె ధరగా మారిపోతుంది. వెయ్యిసార్లు దింపితే ఒకరు చనిపోతారని ఒక గుమాస్తా లెక్క వేశాడనుకోండి. పది లక్షల్ని వెయ్యితో భాగిస్తే ఒక్కోసారికి వెయ్యి రూపాయలు. యంత్రానికి పదిహేను వందలైతే పట్టిక మనిషిని ఎంచుకుంటుంది. పరిహారం 30 లక్షలైతే మూడు వేలు, అప్పుడు యంత్రాన్ని ఎంచుకుంటుంది. అది కూడా పరిహారం నిజంగా చెల్లించాల్సి వస్తేనే. ఈ పట్టికను ఎవరూ రాసి పెట్టుకోరు. అంగవస్త్రంతో దిగే మనిషి దొరుకుతున్నంతకాలం యంత్రం కొనకుండా వాయిదా వేసే ప్రతి సంతకం వెనుకా ఈ లెక్కే ఉంటుంది.

2013 చట్టం చెప్పింది వేరు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. అత్యవసరమైనా సరే అని 2014 తీర్పు స్పష్టం చేసింది. అంటే ఇది హద్దు. హద్దును ధరగా మార్చినప్పుడే చట్టాన్ని ఉల్లంఘించినట్టు. కార్యకర్తలు ఇదే మాటను ఆఫీసుల్లో ఈ భాషలోనే అడగవచ్చు: మీ ప్రణాళికలో సున్నా ప్రవేశం అన్నది లక్ష్యమా, హద్దా?

ఎవరిని ఏ గడిలో రాస్తారు

లెక్క మొదలయ్యేది గడి గీసిన దగ్గర. 2021లో కేంద్రప్రభుత్వం పార్లమెంటులో మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల మరణాలు నమోదు కాలేదని చెప్పింది. మురుగు కాల్వల్లో మనుషులు చావలేదని కాదు. ఆ మరణాలు ప్రమాదకర శుభ్రత అనే వేరే గడిలో ఉన్నాయి. 2023 జూలైలో అదే ప్రభుత్వం మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల్లో ఐదేళ్లలో 339 మంది చనిపోయారని చెప్పింది. గడి మారితే మనిషి మాయమవుతాడు.

గడి తెరిస్తే మనిషి కనిపిస్తాడు కూడా. నమస్తే పథకం కింద ప్రభుత్వమే సేకరించిన వివరాలు 2024లో బయటికి వచ్చాయి. దాదాపు 38 వేల మంది మురుగు కాల్వ, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీల వాటా 16.6 శాతం. నాలుగు రెట్లకు పైనే. ఈ పని కులం మీద కాదు, అవసరం మీద నడుస్తోందని వాదించేవాళ్ల ముందు ఈ ఒక్క నిష్పత్తి పెడితే చాలు. తెలంగాణ 2024లో ఇంటింటి కులసర్వే చేసింది. అదే ప్రభుత్వం తన ఔట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికుల జాబితాను కులం, లింగం, వయసు, సర్వీసు వారీగా విడగొట్టి ప్రకటించడానికి కొత్త సర్వే అక్కర్లేదు. జీతాల రిజిస్టర్లు దాని దగ్గరే ఉన్నాయి.

గడిని ప్రశ్నించడం మనకు అంబేడ్కర్ నేర్పిన పని. 1918లో ఆయన భారతదేశంలో చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. పొలాలు చిన్నవి కాబట్టి వ్యవసాయం నష్టం, వాటిని కలిపేస్తే సరి అని నిపుణులు అంటున్న కాలం అది. ఆయన అడిగింది ఒకటే. లాభసాటి కమతం అంటే ఏమిటి? దాన్ని కుటుంబం తిండికి సరిపోవడంతో కొలుస్తారేంటి? భూమికి తగ్గ పనిముట్లు, పెట్టుబడి, శ్రమ ఏ పాళ్లలో ఉన్నాయన్నదే అసలు కొలత కదా? పొలం సైజు ఒక్కటే చూస్తే జబ్బు తెలియదని ఆయన వాదన. అబిడ్స్‌కు దాన్ని అన్వయిస్తే, మీటర్లు ఒక్కటే చూస్తే పనిభారం తెలియదు. ఆ మీటర్ల మీద ఎంత చెత్త, ఎంత రద్దీ, ఎలాంటి చీపురు, ఎంత దూరంలో బండి, ఎక్కడ మరుగుదొడ్డి అన్న పాళ్లు చూడాలి.

లెక్కను వదిలేయొద్దు

ఉద్యమ మిత్రుల్లో కొందరు అంటారు, మనుషుల బాధను అంకెలుగా మార్చడమే అమానవీయం అని. ఆ అనుమానానికి కారణాలున్నాయి, పైన రాసినవన్నీ అవే. కానీ మనం లెక్కను వదిలేస్తే లెక్క ఆగిపోదు. మన మీద వేస్తూనే ఉంటారు. అమెరికాలో డుబోయిస్ 1900 పారిస్ ఎగ్జిబిషన్‌కు నల్లజాతి ప్రజల భూమి, చదువు, వృత్తుల గణాంకాలను రంగుల చార్టులుగా గీయించి తీసుకెళ్లాడు. విద్యార్థులు చేత్తో గీసిన చార్టులవి. ఆయనతో 1946లో అంబేడ్కర్ ఉత్తరాలు నడిపారు. పీడితుల చేతిలో పడిన లెక్క ఎలా ఉంటుందో ఆ ఇద్దరికీ తెలుసు.

కాబట్టి చేయాల్సింది ఇదని మా సూచన. సమాచార హక్కు చట్టం కింద అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల గురించి ఐదు విషయాలు అడగాలి. ఒకటి, ఏ రోడ్డును రద్దీ, మధ్యస్త, పలచన అనే ఏ వర్గంలో పెట్టారు, ఏ సంవత్సరం జనాభా ఆధారంగా. రెండు, ఒక్కో గ్రూపుకు ఎన్ని మీటర్లు, సెలవుల కోసం ఎంతమంది అదనం. మూడు, నుమాయిష్ రోజుల్లో, ఆదివారం తర్వాత రోజుల్లో సిబ్బంది ఎంత పెరిగారు. నాలుగు, కార్మికులు హాజరు వేసే చోటు నుంచి వాళ్లు వాడుకోగల మరుగుదొడ్డి ఎంత దూరం, ఎన్ని గంటలకు తెరుస్తారు. ఈ నాలుగూ జీహెచ్ఎంసీని అడగాలి. ఐదోది జలమండలిని: డ్రైనేజీ ఫిర్యాదు నమోదైన సమయం, యంత్రం చేరిన సమయం, ఒక్కో ఫిర్యాదుకు విడివిడిగా. సగటు ఇస్తే తీసుకోకూడదు.

జవాబు వచ్చేలోగా మనం కొలవగలిగినది కొలవవచ్చు. ఒక ఆదివారం రాత్రి, మర్నాడు తెల్లవారుజామున జీపీవో దగ్గర నలుగురు విద్యార్థులు నిలబడితే చాలు. ఎంతమంది ఊడుస్తున్నారు, ఎంత దూరం, ఎంతసేపు, ఎన్ని బస్తాలు నిండాయి, బండి ఎంతసేపటికి వచ్చింది, అంతే రాసుకోవాలి. కార్మికుల పేర్లు రాయొద్దు, ఫొటోలు తీయొద్దు. వాళ్ల ముఖాలు ఇప్పటికే ఒక కెమెరాలో ఉన్నాయి. ముందే వెళ్లి అక్కలతో మాట్లాడి, ఈ లెక్క దేనికో చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. వాళ్లు కలపమన్న కాలమ్‌లు కలపాలి. అలా నాలుగు వారాలు కొలిచిన కాగితాన్ని కార్మిక సంఘం చేతికి ఇస్తే, తర్వాతి చర్చల్లో సంఘం నాయకులు జీతం ఒక్కటే కాదు, మీటర్లు కూడా అడగగలుగుతారు.